చిన్న విమానాల తనిఖీ గడువుల గురించి పౌర విమానయాన డైరెక్టర్ జనరల్‌కు బహిరంగ లేఖ

హైదరాబాద్

గౌరవనీయులైన పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారములు.

నేను మొదట బేగంపేటలోనూ, 2008 మార్చిలో సర్వీసులు శంషాబాద్‌కు తరలిన తరువాత అక్కడా కలిపి ముప్పై ఏళ్లకు పైగా విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ లేఖను తెలుగులో రాయడానికి కారణం ఉంది. తిరుపతికో, రాజమండ్రికో, కడపకో చిన్న విమానం ఎక్కే మా ప్రాంతం వాళ్లు కూడా దీన్ని చదవాలని నా కోరిక. మీ కార్యాలయంలో దీన్ని చదివి వినిపించేవారు దొరక్కపోరు. శాఖా మంత్రివర్యులే శ్రీకాకుళం వారు.

విమానం తయారై, అమ్ముడుపోయి, ఎగురుతున్న కాలంలో దానిలో ప్రమాదకరమైన లోపమేదైనా బయటపడితే, ఆ నమూనాకు మొదట ఆమోదం ఇచ్చిన దేశపు నియంత్రణ సంస్థ ఒక ఆదేశం జారీ చేస్తుంది. హ్యాంగర్‌లో దాన్ని అందరం ‘ఏడీ’ అనే అంటాం. ఫలానా భాగాన్ని ఇన్ని గంటల్లోపు, లేదా ఇన్ని ల్యాండింగ్‌లలోపు పరీక్షించాలి, పగులు కనిపిస్తే మార్చాలి, కనిపించకపోయినా ఫలానా గడువుకు ఎలాగూ మార్చాలి అని అందులో ఉంటుంది. ఎంబ్రాయర్ జెట్‌లకు ఆ ఆదేశం బ్రెజిల్ నుంచి, ప్రొపెల్లర్లతో ఎగిరే ఏటీఆర్‌లకు ఐరోపా నుంచి, అలాంటివే అయిన క్యూ400లకు కెనడా నుంచి వస్తుంది. మన దేశంలో రిజిస్టరైన విమానాలకూ అది తప్పనిసరే. తయారీదారు పంపే సర్వీస్ బులెటిన్ అలా కాదు. దాన్ని ఏడీలో చేర్చితే తప్ప చాలా సందర్భాల్లో అది సలహాగానే మిగిలిపోతుంది. ‘తప్పనిసరి’ అన్న మాట మీ కాగితం మీద నుంచి హ్యాంగర్ నేల మీదికి దిగేలోపు కొద్దికొద్దిగా మెత్తబడుతోందని, అది ఎక్కడ, ఎవరి సంతకంతో, ఏ కారణం చూపి మెత్తబడిందో ప్రయాణికుడికి కూడా కనిపించేలా చేయవలసిన బాధ్యత మీదేనని చెప్పడానికే ఈ లేఖ.

చిన్న విమానాల సంగతి విడిగా ఎందుకు మాట్లాడాలో ముందు చెబుతాను. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే పెద్ద విమానం పదిహేను గంటలు గాలిలో ఉండి ఒక్కసారి దిగుతుంది. హైదరాబాద్ నుంచి నాందేడ్, తిరుపతి లాంటి ఊళ్లకు తిరిగే విమానం ఒక్క రోజులో ఆరేడు సార్లు ఎక్కి దిగుతుంది. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి బాడీ రేకు బిగుసుకుంటుంది, కిందికి రాగానే సడలుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపడం చిన్నప్పుడు అందరం చేసిన పనే. ఒక్క వంపుకు తెగని తీగ ఇరవయ్యో వంపుకు తెగుతుంది. అందువల్ల ఈ విమానం వయసును మేము ఏళ్లలో అడగం. “ఎన్ని సైకిళ్లు అయ్యాయి?” అని అడుగుతాం. ఒకసారి ఎక్కి దిగితే ఒక సైకిల్.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు దాదాపు 18 అడుగుల మేర గాలిలో ఊడిపోయి, విమాన సిబ్బందిలో ఒకామె ప్రాణం పోయింది. ఆ విమానం అప్పటికి ఎగిరింది సుమారు 35,500 గంటలే గానీ, ఎక్కి దిగింది 89,680 సార్లు. సగటున ఒక్కో ప్రయాణం అరగంట కూడా లేదన్నమాట. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. రేకుల అతుకుల దగ్గర జిగురు విడిపోయింది, తుప్పు పట్టింది, రివెట్ రంధ్రాల నుంచి పగుళ్లు పాకి ఒకదానితో ఒకటి కలిశాయి. ఇదంతా ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చిన పాఠమే. నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ ప్రమాద దర్యాప్తు నివేదికలోని మరొక భాగం. తయారీదారు బులెటిన్ ఈ తరహా అతుకులన్నిటినీ పరీక్షించమన్నది. దాని ఆధారంగా అమెరికా నియంత్రణ సంస్థ 1987లో ఇచ్చిన ఏడీ మాత్రం వాటిలో కొన్నిటినే తప్పనిసరి చేసింది. ప్రమాదానికి తోడ్పడిన కారణాల్లో దాన్ని కూడా దర్యాప్తు సంస్థ రాసింది. ఆ అతుకులను చూసే ఇన్‌స్పెక్టర్లు రాత్రిళ్లు, వేలాది రివెట్లను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవలసి వచ్చేదన్న సంగతి కూడా ఆ నివేదికలో ఉంది. విమానం ఎక్కుతూ తలుపు పక్కన పగులు చూసిన ఒక ప్రయాణికురాలు ఎవరికీ చెప్పలేదట. ఆమెను నేను తప్పుపట్టను. చూడవలసినవాళ్లు చూసే ఉంటారని అనుకోవడం ప్రయాణికుల హక్కు.

మన ప్రాంతానికి దగ్గర ఉదాహరణ కూడా ఉంది. 2007 సెప్టెంబరులో ఒక స్కాండినేవియన్ సంస్థ క్యూ400 విమానాలు రెండు, మూడే రోజుల తేడాతో, ఒకటి డెన్మార్క్‌లో, ఇంకొకటి లిథువేనియాలో, దిగుతుండగా చక్రాల కాలు ముడుచుకుపోయి రన్‌వే మీద రెక్క ఆనించాయి. కాలిని ముడిచే యాక్చువేటర్‌లో రాడ్ చివరి మరల దగ్గర తుప్పు పట్టి అది ఊడి వచ్చింది. పదివేల ల్యాండింగ్‌లు దాటిన విమానాలను పరీక్షించేదాకా ఎగరనివ్వవద్దని అప్పుడు సూచన వచ్చింది. రోజుకు ఏడు ల్యాండింగ్‌ల లెక్కన పదివేలు నాలుగేళ్లలో అయిపోతాయి. అదే నమూనా విమానాలు 2011లో హైదరాబాద్ కేంద్రంగా మన ఊళ్ల మధ్య తిరగడం మొదలుపెట్టాయి. విశాఖ గాలిలో ఉప్పు ఎంత ఉంటుందో అక్కడ ఇంటి కిటికీ ఊచలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఊరివాళ్ల తప్పులన్నీ ఎంచి నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు కనుక అది కూడా రాస్తున్నాను. బేగంపేట రోజుల్లో ఒక రాత్రి, రెండున్నర ప్రాంతంలో, ఒక చిన్న విమానం మెయిన్ గేర్ (చక్రాల కాళ్లు) తలుపు హింజ్ పిన్ దగ్గర అరుగుదల కొలవవలసి వచ్చింది. టార్చి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, డయల్ ఇండికేటర్ బిగించి, ఒక చేత్తో తలుపును ఊపితే ముల్లు పరిమితి దాటి రెండు గీతలు అవతల ఆగింది. స్టోర్స్‌లో ఆ పిన్ లేదు; నాలుగు రోజులకు గానీ రాదన్నారు. ఆ విమానం పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు తిరుపతి వెళ్లాలి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి చెడ్డవాడు కాదు. నా కంటే పదేళ్లు పెద్ద, పని బాగా తెలిసినవాడు. “బాబూ, గేజ్ బేస్ సరిగ్గా ఆనిందా? ఇంకోసారి చూడు” అన్నాడు. చూశాను. ముల్లు సరిగ్గా గీత మీద ఆగింది. మూడోసారి ఒక గీత లోపలే ఆగింది. మూడోసారి వచ్చిన అంకె రాసి సంతకం పెట్టాను. మొదటిసారి ఊపినంత బలంగా తలుపును ఆ తరువాత ఊపలేదని నా చేతికి తెలుసు. నా డ్యూటీ ఆరున్నరకు ముగిసింది. ఆ విమానం తొమ్మిది గంటలకు తిరిగి వచ్చి బేలో నిలబడేదాకా నేను గేటు దాటలేదు. ఏమీ జరగలేదు. అయిదో రోజున కొత్త పిన్ వేశాం.

కొన్నేళ్లకు అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 దర్యాప్తు వివరాలు చదివాను. 2000 జనవరి 31న కాలిఫోర్నియా తీరంలో ఆ ఎండీ-83 సముద్రంలో కూలి 88 మంది చనిపోయారు. తోక రెక్కను కదిలించే జాక్‌స్క్రూ నట్టు లోపలి మరలు అరిగి ఊడిపోవడమే కారణం. 1997 సెప్టెంబరులో పెద్ద చెక్ సమయంలో ఆ నట్టు ప్లే, అంటే వదులు, 0.040 అంగుళం వచ్చింది. అనుమతించిన గరిష్ఠం కూడా అంతే. మార్చాలని మొదట రాసి, తరువాతి షిఫ్ట్‌లో మళ్లీ కొలిస్తే 0.033 వచ్చిందని విమానాన్ని వదిలేశారు. మరలకు గ్రీజు పెట్టే వ్యవధిని ఆ సంస్థ క్రమంగా పెంచుకుంటూ పోయింది, ఆ పెంపుకు నియంత్రణ సంస్థ ఆమోదం కూడా ఉంది. ‘మళ్లీ కొలవండి’ అన్న మాట ఎంత మామూలుగా వస్తుందో నాకు తెలుసు. కొలిచేవాడి చేతికి తెలియకుండానే షెడ్యూలు బరువు ఆ గేజ్ మీద పడుతుంది.

ఆ బరువు పెద్ద సంస్థ కంటే చిన్న సంస్థ మీద చాలా ఎక్కువ. వంద విమానాలున్న సంస్థకు ఒకటి హ్యాంగర్‌లో నిలిస్తే సర్దుకుంటుంది. అయిదు విమానాలున్న సంస్థకు ఒకటి నిలిస్తే అయిదో వంతు షెడ్యూలు పోతుంది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న మొదలైనప్పుడు సిమ్లా సర్వీసుతో పాటు ప్రారంభమైనవి కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులు. ఆ రెండూ నడిపిన మన హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. ఈ మార్గాల్లో మిగిలే డబ్బు ఎంత సన్ననిదో అంతకంటే వేరే చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ కూడా ఎగిరిన సర్వీసులకే లెక్క కడతారు. ఏడీ కోసం ఒక రోజు ముందుగా విమానం నిలిపిన సంస్థ టికెట్ డబ్బూ పోగొట్టుకుంటుంది, సబ్సిడీ కూడా పోగొట్టుకుంటుంది. గడువు చివరి రోజు దాకా లాగిన సంస్థ రెండూ దక్కించుకుంటుంది. ఇలాంటి లెక్క పెట్టి భద్రత మీద శ్రద్ధ చూపమని అడగడం ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి.

ఇక సలహాల సంగతి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిర్ ఇండియా 171 దుర్ఘటనలో విమానంలోనూ నేల మీదా కలిపి 260 మంది మరణించారు. ఆ తరహా ఇంధన స్విచ్చుల లాకింగ్ ఏర్పాటును చూసుకోమని అమెరికా నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులోనే ఒక సమాచార బులెటిన్ ఇచ్చిందని, అది సలహా మాత్రమే కనుక ఆ తనిఖీ చేయలేదని సంస్థ తెలిపిందని ప్రాథమిక నివేదికలో ఉంది. ఆ ప్రమాదానికి ఆ లాకింగే కారణమని ఎవరూ తేల్చలేదు, నేనూ అనడం లేదు. అయితే జూలై 14న మీ కార్యాలయం ఆ తనిఖీని తప్పనిసరి చేసి వారం గడువు ఇస్తే, సంస్థ ఆ గడువులోనే పూర్తి చేసి లోపమేదీ కనబడలేదని ప్రకటించింది. వారంలో ముగిసే పని ఆరున్నరేళ్ల పాటు సలహాగా ఫైళ్లలో ఉండిపోయింది. సలహాను పాటించకపోవడం తప్పు కాదని చట్టం అనవచ్చు. ఎందుకు పాటించలేదో రెండు వాక్యాల్లో రాసి మీకు పంపడం కూడా అవసరం లేకపోవడమే నాకు మింగుడుపడదు.

తప్పనిసరి ఆదేశాలకు కూడా గడువు పొడిగిస్తుంటారు. గాలిలో ఇంజన్లు ఆగిపోయిన సంఘటనల తరువాత, 2019 నవంబరులో మీ కార్యాలయం ఒక పెద్ద సంస్థ ఏ320 నియో విమానాలకు సవరించిన ఇంజన్లు 2020 జనవరి 31లోగా బిగించాలని ఆదేశించింది. తరువాత అది మే 31 అయింది, కొవిడ్ వచ్చాక ఆగస్టు 31 అయింది. అంత సంఖ్యలో ఇంజన్లు దొరకకపోవడం నిజమే కావచ్చు, మీ నిర్ణయం సరైనదే కావచ్చు; కానీ జనవరి 31న ప్రమాదకరమైన ఇంజన్ ఫిబ్రవరి 1న ఏ షరతుల మీద ఎగరవచ్చన్నది సామాన్య ప్రయాణికుడికి ఎవరూ వివరించలేదు. ఇలా పొడిగింపులు అలవాటైతే ఏమవుతుందో 2025లో పత్రికల్లో చూశాం: ఐరోపా ఆదేశించిన గడువులో ఇంజన్ భాగాలు మార్చకుండానే, మార్చినట్టు ఒక సంస్థలో రికార్డులు సృష్టించారని మీ కార్యాలయమే మందలించిందట. మరోవైపు అదే ఏడాది నవంబరు చివర్లో ఏ320ల కంప్యూటర్ లోపం గురించి అత్యవసర ఆదేశం వస్తే, మన దేశంలో ప్రభావితమైన 338 విమానాల పని రెండు మూడు రోజుల్లో తేలిపోయింది. వాటిలో చాలావాటికి సాఫ్ట్‌వేర్ మార్చితే సరిపోయింది, పిన్ కోసం నాలుగు రోజులు ఆగనక్కర్లేకపోయింది అన్నది వేరే సంగతి. అయినా గడువు కఠినంగా ఉంటే, అందరూ దాన్ని చూస్తుంటే, పని జరుగుతుందని అది రుజువు చేసింది.

మార్చడం ఒక్కటే సరిపోదు, ఎలా మార్చామన్నది కూడా అంతే ముఖ్యం. 2018 నవంబరు 11న పోర్చుగల్‌లో ఎయిర్ అస్తానా వారి ఎంబ్రాయర్ 190 మరమ్మతు పూర్తయి ఎగరగానే పైలట్ల చేతుల్లోంచి జారిపోయింది. ఎడమకు తిప్పితే కుడికి ఒరిగింది. రెక్కల ఎయిలరాన్ కేబుళ్లు తారుమారుగా బిగించారు. ఆ పని తయారీదారు బులెటిన్ ప్రకారం కేబుళ్లను మార్చే పనిలో భాగమే. లోపల ఉన్న ఆరుగురూ బతికారు గానీ అది పైలట్ల పుణ్యం. అంతకు ముందు 1991 సెప్టెంబరు 11న టెక్సాస్‌లో ఒక ఎంబ్రాయర్ 120 గాలిలో విరిగి 14 మంది చనిపోయారు. ముందు రాత్రి తోక అంచు మీది డీ-ఐస్ బూట్ (మంచును విదిల్చే రబ్బరు తొడుగు) మార్చడానికి ఒక షిఫ్ట్ వాళ్లు పై వరుస స్క్రూలు 47 విప్పారు; తరువాతి షిఫ్ట్‌కు ఆ సంగతి చేరలేదు, ఎవరూ బిగించలేదు. పొద్దున ఆ విమానం ప్రయాణికులతో వెళ్లిపోయింది. మన దగ్గర చిన్న విమానాల ఏడీ పని దాదాపు అంతా ఆఖరి సర్వీసుకూ తొలి సర్వీసుకూ మధ్య ఉన్న అయిదారు గంటల్లో, ఫ్లడ్‌లైట్ కింద, షిఫ్ట్ మారే వేళలోనే నడుస్తుంది.

అందువల్ల మిమ్మల్ని నేను కోరుతున్నవి ఇవి. ప్రాంతీయ విమానాలకు వర్తించే ఏ ఏడీ గడువునైనా, ఏ కారణంగానైనా పొడిగిస్తే, విమానం రిజిస్ట్రేషన్‌తో సహా ఆ కారణాన్నీ, పొడిగింపు కాలంలో పెట్టిన షరతులనూ మీ వెబ్‌సైట్‌లో అదే రోజు ఉంచండి. తయారీదారు బులెటిన్‌ను పాటించకూడదని నిర్ణయించిన సంస్థ ఆ నిర్ణయానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధన చేయండి. ఆ కారణం మీకు సరిపోకపోతే, వేరే దేశం ఏడీ ఇచ్చేదాకా ఆగకుండా మీరే తప్పనిసరి చేయండి, ఆ అధికారం మీకు ఉంది. పరిమితి దాటిన కొలత ఒకసారి నమోదయ్యాక, దాన్ని రద్దు చేసే రెండో కొలతను అదే షిఫ్ట్ మనిషి తీయకూడదని, వేరే ఇంజనీరు వేరే గేజ్‌తో తీయాలని, రెండు అంకెలూ రికార్డులో ఉండాలని చెప్పండి. ఆనాడు బేగంపేటలో ఈ నియమం ఉండి ఉంటే మా ఇన్‌ఛార్జి నన్ను ఇంకోసారి చూడమని అడిగేవాడు కాదు, నేను చూసేవాణ్ణీ కాదు. కంట్రోల్ కేబుళ్ల లాంటి భాగాలు మార్చినప్పుడు రెండో తనిఖీ ఇప్పటికే నిబంధనల్లో ఉంది. అది పగటి వెలుగులో జరగాలని కూడా కలపండి.

విడి భాగాల సంగతి డబ్బుతో ముడిపడినది. 2025 నవంబరులో శంషాబాద్‌లో లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది, సంతోషం. కానీ అది పెద్ద సంస్థల ఎయిర్‌బస్‌లకూ బోయింగ్‌లకూ పనికొస్తుంది, 76 సీట్ల ఎంబ్రాయర్ సీఎఫ్34 ఇంజన్‌కు దానితో పని లేదు. ఏడీల్లో తరచూ మార్చవలసి వచ్చే ఎంబ్రాయర్, ఏటీఆర్ భాగాలను చిన్న సంస్థలన్నీ కలిసి నిల్వ చేసుకునే ఒక ఉమ్మడి స్టోర్స్‌ను హైదరాబాద్‌లో పెట్టడానికి ప్రభుత్వం చొరవ తీసుకోవచ్చు. అది కుదరకపోతే, కనీసం ఏడీ పని కోసం గడువుకు ముందే విమానాన్ని నిలిపిన రోజులకు ఉడాన్ సబ్సిడీ కోయకుండా చూడండి. గడువు దాటాక నిలిపిన రోజులకు కోయండి. మీ కార్యాలయంలో సాంకేతిక పోస్టులు దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. కాబట్టి ఇవన్నీ ఒకేసారి కావని నాకు తెలుసు. పొడిగింపులను వెబ్‌సైట్‌లో పెట్టడానికి మాత్రం కొత్త మనిషి అక్కర్లేదు, ఇప్పుడు ఫైల్‌లో పడే కాగితాన్ని స్కాన్ చేస్తే చాలు. ఆ పని ఈ త్రైమాసికం నుంచే మొదలుపెడతారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు,
బోయినపల్లి, సికింద్రాబాద్